ఉక్కను కొలిచిన డాక్టరు

కాకినాడ రంగరాయ వైద్య కళాశాలలో చదివినవారికి హాల్డేన్ పేరు కొత్త కాదు. శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాక, ఆయన కోరిక మేరకు భౌతికకాయం ఆ కళాశాలకే చేరింది. ఈ వారం మీకు చెప్పబోయేది ఆయన తండ్రి, డాక్టర్ జాన్ స్కాట్ హాల్డేన్ గురించి. మీ ఇంట్లోవాళ్లు ఎవరైనా ఫౌండ్రీలోనో, రోలింగ్ మిల్లులోనో, బాయిలర్ దగ్గరో పనిచేస్తుంటే ఈ కథ మీకు పనికొస్తుంది.

పెద్ద హాల్డేన్ 1860లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో పుట్టారు. 1884లో అక్కడే వైద్యపట్టా పుచ్చుకున్నారు. కానీ ఆయన మనసంతా మనుషులు పీల్చే గాలి మీదే. డండీలో పేదల ఇళ్లలో, బడుల్లో, మురుగు కాల్వల్లో గాలిని పరీక్షించారు. 1896లో వేల్స్‌లోని టైలర్స్‌టౌన్ బొగ్గుగనిలో పేలుడు జరిగితే వెళ్లి మృతదేహాలు చూశారు. ఎక్కువమందిని చంపింది పేలుడు కాదు, కార్బన్ మోనాక్సైడ్ అని తేల్చారు. ఆ వాయువును తానే పీల్చి, ఒంట్లో ఏం జరుగుతోందో రాసుకున్న మనిషి ఆయన. గనుల్లోకి చిన్న పిట్టల్ని తీసుకెళ్తే విషవాయువు జాడ ముందే తెలుస్తుందని సూచించిందీ ఆయనే.

తడిగుడ్డ చెప్పిన నిజం

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కార్నవాల్ తగరపు గనుల్లో కొంకిపురుగుల జబ్బును పరిశోధించడానికి వెళ్లినప్పుడు, అక్కడి వేడి ఆయన్ని ఆలోచింపజేసింది. మనిషి ఎంత వేడిని ఓర్చుకోగలడు? గనుల్లోనూ, వేడి గదుల్లోనూ కొలతలు తీశారు. ఎప్పటిలాగే ముందుగా తన ఒంటి మీద.

1905లో ప్రచురించిన ఫలితం చాలామందిని ఆశ్చర్యపరిచింది. మామూలు థర్మామీటరులో అంకె కన్నా, బల్బుకు తడిగుడ్డ చుట్టిన థర్మామీటరులో అంకే ముఖ్యం. గాలి ఆడని చోట అది సుమారు 31 డిగ్రీల సెల్సియస్ దాటితే, ఊరికే కూర్చున్నా ఒంటి ఉష్ణోగ్రత పెరగడం మొదలవుతుంది. కష్టపడి పనిచేసేవారికి 25, 26 డిగ్రీల దగ్గరే ఆ ఇబ్బంది మొదలు. గాలి వీస్తే ఇంకాస్త ఓర్చుకోగలం.

కారణం మీకు తెలిసిందే. చెమట కారినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, ఆరితేనే చల్లబడుతుంది. గాలిలో తేమ నిండితే చెమట ఆరదు. దాన్నే మనం ఉక్క అంటాం. హాల్డేన్ కొలిచింది ఆ ఉక్కనే.

కొలిమి ముందు మనిషి

ఇప్పుడు ఫౌండ్రీలోకి రండి. కరిగిన ఇనుము వేడి 1300 డిగ్రీల పైమాటే. అచ్చుల్లో పోత పోసే మనిషికి ఎదురుగా సెగ, షెడ్డులో ఉక్క. వీటికి తోడు అతని కండరాల్లో పుట్టే వేడి. ఒంటిని చల్లబరచడానికి గుండె రక్తాన్ని చర్మానికి పంపాలి. అదే సమయంలో కండరాలకూ పంపాలి. ఉన్న రక్తం ఒకటే, అడిగేవి రెండు. అందుకే గుండె వేగం పెరుగుతుంది, మనిషి సొమ్మసిల్లుతాడు. సాయంత్రం ఇంటికొచ్చి అన్నం తినకుండా వాలిపోతే, చిన్న మాటకే విసుక్కుంటే బద్ధకమనో, పొగరనో అనుకోకండి. అది ఒళ్లు చేస్తున్న హెచ్చరిక.

హాల్డేన్ దృష్టికి వచ్చిన మరో సంగతి పిక్కలు పట్టేయడం. చెమటతో నీళ్లే కాదు, ఉప్పూ పోతుంది. ఉప్పు లేని నీళ్లు మాత్రమే కడుపునిండా తాగితే రక్తంలో ఉప్పు పలచబడి కండరాలు మెలితిరుగుతాయని 1920లలో ఆయన వివరించారు. మన ఉప్పు వేసిన మజ్జిగ విలువ ఇక్కడే తెలుస్తుంది.

ఆయన తడి థర్మామీటరు ఇప్పటికీ పనిచేస్తోంది. పనిచోట వేడిని అంచనా వేసే డబ్ల్యూబీజీటీ అనే కొలతలో 70 శాతం బరువు దానిదే. షెడ్డుల్లో మిగతా 30 శాతం, సెగను పసిగట్టే నల్లటి గోళంలోని థర్మామీటరుది.

75 ఏళ్ల వయసులో ఆయన చేసిన చివరి ప్రయాణం కూడా వేడిని వెతుక్కుంటూనే. పర్షియా చమురు శుద్ధి కర్మాగారాల్లో కార్మికులకు వడదెబ్బ ఎందుకు తగులుతోందో చూసి తిరిగొచ్చాక, 1936 మార్చిలో ఆక్స్‌ఫర్డ్‌లో కన్నుమూశారు.

మీరు చేయాల్సింది

వేడిలో పనిచేసేవారు దాహం వేసేదాకా ఆగకుండా 20 నిమిషాలకోసారి గ్లాసు నీళ్లు తాగాలి. చెమట ధారగా కారే రోజుల్లో ఉప్పు మజ్జిగో, ఓఆర్ఎస్సో మధ్యమధ్యలో తీసుకోవాలి. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవారు ఉప్పు పెంచే ముందు డాక్టర్ను అడగాలి. మూత్రం ముదురు పసుపు రంగులోకి మారితే నీళ్లు చాలడం లేదని అర్థం. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే కిడ్నీలు దెబ్బతింటాయి.

పనిలో కొత్తగా చేరినవారికి, సెలవు మీద వెళ్లి వచ్చినవారికి ముప్పు ఎక్కువ. ఒళ్లు వేడికి అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అప్పటిదాకా పని గంటలు మెల్లగా పెంచాలి. మీరే యజమాని అయితే గాలి ఆడే ఏర్పాటు, నీడలో విశ్రాంతి, సెగకు అడ్డంగా రేకు మీ బాధ్యత.

మాట తడబడినా, అయోమయంగా ప్రవర్తించినా, స్పృహ తప్పినా అది వడదెబ్బే అనుకోండి. 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా ఆగకుండా ఒంటి మీద చల్లటి నీళ్లు పోస్తూ విసరండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకండి. ప్రాణం నిలిచేది ఆస్పత్రికి ఎంత త్వరగా చేర్చారన్నదాని మీదే కాదు, ఒంటిని ఎంత త్వరగా చల్లబరిచారన్నదాని మీద కూడా.