పాల్ ఎరెన్‌ఫెస్ట్

పాల్ ఎరెన్‌ఫెస్ట్ (జనవరి 18, 1880 - సెప్టెంబరు 25, 1933) ఆస్ట్రియాలో జన్మించి నెదర్లాండ్స్‌లో స్థిరపడిన భౌతిక శాస్త్రవేత్త. సాంఖ్యక యాంత్రిక శాస్త్రంలోను, క్వాంటం సిద్ధాంతంలోను చేసిన కృషికి ప్రసిద్ధుడు. పొడవు, వెడల్పు, ఎత్తు అనే మూడు మితులున్న అంతరాళానికి గల ప్రత్యేకత ఏమిటన్న ప్రశ్నను 1917లో భౌతిక నియమాల ఆధారంగా పరిశీలించాడు. నాలుగు లేదా అంతకు మించిన మితులున్న ప్రపంచంలో జీవులు మనగలవా అన్న తరువాతి చర్చకు ఆ వ్యాసం పునాది అయింది.

బాల్యం, విద్యాభ్యాసం

ఎరెన్‌ఫెస్ట్ వియన్నా నగరంలో ఒక యూదు కుటుంబంలో, ఐదుగురు అన్నదమ్ములలో చివరివాడుగా జన్మించాడు. కిరాణా దుకాణం ఆ కుటుంబానికి జీవనాధారం. పదేళ్ళ వయసులో తల్లిని, పదహారేళ్ళ వయసులో తండ్రిని కోల్పోయాడు. వియన్నాలో లుడ్విగ్ బోల్ట్స్‌మన్ ఉపన్యాసాలు ఆయనను భౌతిక శాస్త్రం వైపు మళ్ళించాయి. 1901లో జర్మనీలోని గాటింగెన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి కొంతకాలం చదివాడు. 1904లో వియన్నాలో డాక్టరేటు పొందాడు.

వివాహం

గాటింగెన్‌లో ఆయనకు రష్యాకు చెందిన గణిత విద్యార్థిని తాత్యానా అఫనాస్యేవాతో పరిచయమైంది. అక్కడి గణిత సంఘం సమావేశాలకు స్త్రీలను రానివ్వరని తెలుసుకున్న ఎరెన్‌ఫెస్ట్ వాదించి ఆ నియమాన్ని మార్పించాడు. వారి వివాహం 1904 డిసెంబరులో జరిగింది. యూదులకు, క్రైస్తవులకు మధ్య వివాహాన్ని అప్పటి ఆస్ట్రియా చట్టం అనుమతించనందున, తాము ఏ మతానికీ చెందమని ఇద్దరూ అధికారికంగా ప్రకటించారు.

దంపతులు 1907లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు వెళ్ళారు. అక్కడ ఉన్న ఐదేళ్ళలో ఎరెన్‌ఫెస్ట్‌కు స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. సాంఖ్యక యాంత్రిక శాస్త్రపు మూలభావనలపై భార్యాభర్తలు కలిసి రాసిన సుదీర్ఘ వ్యాసం మాత్రం వారికి పేరు తెచ్చింది. 1912లో ప్రాగ్‌లో ఐన్‌స్టీన్‌ను కలిశాడు. అక్కడ తన స్థానంలో ఎరెన్‌ఫెస్ట్ రావాలని ఐన్‌స్టీన్ కోరుకున్నాడు. కాని ఆ పదవికి ఏదో ఒక మతాన్ని ప్రకటించుకోవలసి ఉంది. ఎరెన్‌ఫెస్ట్ అందుకు ఒప్పుకోలేదు.

లైడెన్‌లో ఆచార్యుడు

అదే ఏడాది హెండ్రిక్ లోరెంజ్ తన వారసుడుగా ఆయనను లైడెన్ విశ్వవిద్యాలయానికి ఎంపిక చేశాడు. ఎరెన్‌ఫెస్ట్ జీవితాంతం అక్కడే పనిచేశాడు. క్వాంటం సగటు విలువలకు, న్యూటన్ గతి నియమాలకు గల సంబంధాన్ని చూపే 1927 నాటి సిద్ధాంతం ఆయన పేరుతోనే పిలువబడుతోంది.

విషయం పూర్తిగా అర్థమయ్యేదాకా ప్రశ్నించడం ఆయన బోధనా పద్ధతి. క్రామర్స్, ఊలెన్‌బెక్, గౌడ్‌స్మిట్, కాసిమిర్ ఆయన శిష్యులు. 1969లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన యాన్ టింబెర్గెన్ కూడా ఆయన శిష్యుడే. 1925లో ఊలెన్‌బెక్, గౌడ్‌స్మిట్ ఎలక్ట్రాన్ భ్రమణాన్ని ప్రతిపాదించి, లోరెంజ్ అభ్యంతరాలు విన్న తరువాత తమ వ్యాసాన్ని వెనక్కు తీసుకోదలచారు. అప్పటికే ఎరెన్‌ఫెస్ట్ దానిని ప్రచురణకు పంపించి ఉన్నాడు.

మూడు మితుల ప్రశ్న

19వ శతాబ్దం చివరి భాగంలో ఐరోపాలో నాలుగో మితిపై చాలా ఊహాగానాలు సాగాయి. లైప్‌జిగ్ శాస్త్రవేత్త జోల్నర్ ప్రేతాత్మల పనులను నాలుగో మితితో వివరించబోయాడు. ఎడ్విన్ ఆబట్ 1884లో తన ఫ్లాట్‌లాండ్ అనే పుస్తకంలో రెండు మితుల లోకంలోని జీవులను చిత్రించాడు.

ఎరెన్‌ఫెస్ట్ మార్గం వేరు. మితులు మూడే ఎందుకున్నాయని కాక, మితుల సంఖ్య మారితే భౌతిక నియమాలలో ఏ తేడా వస్తుందని ఆయన అడిగాడు. ఆమ్‌స్టర్‌డామ్ విజ్ఞాన అకాడమీ 1917లో ఈ వ్యాసాన్ని ప్రచురించింది. అందులోని ముఖ్యాంశాలు ఇవి:

గ్రహాల కక్ష్యలు: సూర్యుని ఆకర్షణ దూరం పెరిగేకొద్దీ మరింత పెద్ద గోళంపై పరచుకుంటుంది. అందువలన దూరం రెట్టింపయితే ఆకర్షణ బలం మూడు మితులలో నాలుగో వంతుకు, నాలుగు మితులలో ఎనిమిదో వంతుకు, ఐదు మితులలో పదహారో వంతుకు తగ్గుతుంది. మూడు మితులలో గ్రహానికి చిన్న కుదుపు తగిలితే కక్ష్య కొద్దిగా మారుతుందే తప్ప చెదిరిపోదు. నాలుగు, అంతకు మించిన మితులలో అదే కుదుపుకు గ్రహం సూర్యునిలో పడిపోతుంది, లేదా దూరంగా వెళ్ళిపోతుంది.

పరమాణువులు: కేంద్రకానికి, ఎలక్ట్రాన్‌కు మధ్య ఉండే విద్యుదాకర్షణ కూడా ఇలాగే మారుతుంది. కనుక బోర్ నమూనాలోని క్రమమైన శక్తి స్థాయిలు ఆ లోకాలలో ఏర్పడవు.

తరంగాలు: మూడు మితులలో ఒక క్షణికమైన సంకేతం స్పష్టంగా వచ్చి, స్పష్టంగా ముగుస్తుంది. సరిసంఖ్య మితులలో దాని వెనుక ఒక తోక మిగిలిపోతుంది.

విద్యుదయస్కాంత క్షేత్రం: విద్యుత్ క్షేత్రపు అంశాల సంఖ్య, అయస్కాంత క్షేత్రపు అంశాల సంఖ్య సమానంగా ఉండేది మూడు మితులలో మాత్రమే. నాలుగు మితులలో అవి వరుసగా 4, 6 అవుతాయి.

జీవుల మనుగడపై చర్చ

1955లో ఆంగ్ల గణితవేత్త జెరాల్డ్ విట్రో ఈ వాదాన్ని జీవులకు అన్వయించాడు. జీవం పరిణామం చెందాలంటే గ్రహం నక్షత్రానికి ఇంచుమించు ఒకే దూరంలో దీర్ఘకాలం తిరుగుతూ ఉండాలి. మూడుకు మించిన మితులలో అది సాధ్యం కాదు. రెండు మితులలో కక్ష్యలు నిలిచినా, నాడులు ఒకదానినొకటి ఖండించుకోకుండా దాటలేవు కనుక సంక్లిష్టమైన మెదడు ఏర్పడడం కష్టమని ఆయన భావించాడు. 1963లో టాంగెర్లీని ష్రోడింగర్ సమీకరణంతో హైడ్రోజన్ పరమాణువును పరిశీలించి ఎరెన్‌ఫెస్ట్ ఫలితాన్ని బలపరచాడు.

అయితే ఈ వాదం ఒక షరతుకు లోబడినది. గురుత్వాకర్షణ, విద్యుత్ నియమాల మూలరూపం అన్ని మితులలోను ఒకటేనని అది అనుకుంటుంది. నియమాలే వేరైతే ఫలితమూ మారవచ్చు. తంతు సిద్ధాంతంలోని అదనపు మితులు అతి సూక్ష్మంగా ముడుచుకుని ఉంటాయని భావిస్తారు కనుక, గ్రహాల కక్ష్యలకు వాటి వలన భంగం కలగదు. రెండు మితులలో జీవం అసాధ్యమన్న అభిప్రాయాన్ని 2020లో జేమ్స్ స్కార్‌గిల్ ప్రశ్నించాడు. సమతలంలోనూ మెదడును పోలిన సంక్లిష్ట జాలాలు ఏర్పడవచ్చని గణితపరంగా చూపాడు.

చివరి రోజులు

ఇతరుల ఆలోచనలకు స్పష్టతనిచ్చిన ఎరెన్‌ఫెస్ట్‌కు తన శక్తిపై తనకే నమ్మకం తక్కువ. క్వాంటం సిద్ధాంతపు కొత్త గణితాన్ని అందుకోలేకపోతున్నాననే బాధ, తీవ్రమైన మానసిక కుంగుబాటు ఆయనను వేధించాయి. 1933లో జర్మనీలో పదవులు కోల్పోయిన యూదు శాస్త్రవేత్తలకు ఉద్యోగాలు చూపడానికి శ్రమించాడు. ఆ ఏడాది సెప్టెంబరు 25న ఆమ్‌స్టర్‌డామ్‌లో, డౌన్ సిండ్రోమ్‌తో జన్మించిన తన పదిహేనేళ్ళ చిన్న కుమారుని ప్రాణం తీసి, తానూ ఆత్మహత్య చేసుకున్నాడు. తన మిత్రుని స్మృతికి రాసిన వ్యాసంలో ఐన్‌స్టీన్ ఆయనను గొప్ప బోధకుడుగా కొనియాడి, తాను చాలననే భావన ఆయనను జీవితమంతా పీడించిందని పేర్కొన్నాడు.

లైడెన్‌లో ఆయన పదవి 1934లో శిష్యుడు క్రామర్స్‌కు దక్కింది. మితుల సంఖ్యకు, జీవం మనుగడకు గల సంబంధంపై జరిగే పరిశోధనలు నేటికీ ఆయన 1917 నాటి వ్యాసాన్నే ఆధారంగా పేర్కొంటాయి.