చెన్నపట్నం నుంచి లండనుకు ఒక అర్జీ

ఢిల్లీలో మంత్రిత్వశాఖల ద్వారాల వద్ద అర్జీ చేతబట్టుకొని నిలిచిన దూరప్రాంతాల వారిని చూచినప్పుడెల్లా నాకు గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు జ్ఞప్తికి వస్తారు. అధికారిపై చేసిన ఫిర్యాదు తిరిగి తిరిగి ఆ అధికారి బల్లమీదికే చేరడం కొత్త వింత కాదు. కంపెనీ పాలనలో అది నిత్యకృత్యం.

శెట్టిగారు 1806లో చెన్నపట్నంలో తెలుగు వర్తక కుటుంబంలో జన్మించారు. వ్యాపారంలో విశేషంగా ఆర్జించారు. 1844లో ‘క్రెసెంట్’ అనే ఇంగ్లీషు పత్రికను, 1852 ఫిబ్రవరిలో మద్రాసు నేటివ్ అసోసియేషన్‌ను స్థాపించారు. కంపెనీ పట్టా 1853లో పునరుద్ధరణకు రానున్నది. ఆ అదను చూచి అసోసియేషన్ ప్రజల కష్టాలను ఏకరువు పెట్టి నేరుగా బ్రిటిష్ పార్లమెంటుకే అర్జీ పంపింది. శిస్తు భారం, న్యాయస్థానాల జాప్యం మొదలైనవి అందులోని విషయాలు.

మరి గవర్నరు ఉండగా సముద్రాలు దాటిపోవడం ఎందుకు? కారణం స్పష్టం. శిస్తు వసూలు చేసే తహశీల్దారు చేతిలోనే పోలీసు అధికారమూ ఉండేది. శిస్తు చెల్లించలేని రైతు వేళ్లను కర్రల నడుమ ఇరికించి బిగించేవారు. మెడ వంచి కాలి బొటనవేళ్లకు కట్టి ఎండలో నిలిపేవారు. కలెక్టరుకు మొర పెట్టుకుంటే ఆ కాగితం విచారణ నిమిత్తం మళ్లీ ఆ తహశీల్దారు వద్దకే పోయేది! ఇక మొర పెట్టుకొనే సాహసం ఎవరికి ఉంటుంది?

1853లో పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమూర్ మద్రాసు వచ్చినప్పుడు శెట్టిగారు ఆయనను వెంటబెట్టుకొని జిల్లాలు తిప్పారు. మరుసటి యేడు జూలైలో కామన్స్ సభలో ఈ చిత్రహింసల ప్రస్తావన వచ్చింది. కంపెనీ పక్షం వారు కాదన్నారు. విచారణ మాత్రం తప్పలేదు. 1854 సెప్టెంబరులో మద్రాసు ప్రభుత్వం ఒక కమిషన్‌ను నియమించింది.

అంతవరకు నోరు మెదపని జనం కదిలారు. కమిషన్ ముందు స్వయంగా హాజరై చెప్పుకొన్నవారు 519 మంది. లేఖల ద్వారా వచ్చిన ఫిర్యాదులు 1,440. ఫిర్యాదులు లేవంటే బాధలు లేవనుకొనే పాలకులు ఈ అంకెలను చదువవలసి ఉండినది. 1857లో కార్ల్ మార్క్స్ సైతం న్యూయార్కు పత్రికలో ఈ నివేదికను ఆధారంగా తీసుకొని వ్రాశాడు.

1855 నాటి ఆ నివేదిక చిత్రహింసలు నిజమేనని ఒప్పుకొన్నది. న్యాయం పొందడం దుస్సాధ్యమనీ అంగీకరించింది. అయితే నేరమంతా దేశీయ ఉద్యోగులపై మోపి, తెల్లదొరలకు మచ్చ అంటకుండా చూచుకొన్నది. వసూళ్ల ఒత్తిడి ఎవరిదో అడిగినవారు లేరు. నా దృష్టిలో ఆ నివేదికకు అదే పెద్ద లోపం. 1859లో చట్టం ద్వారా పోలీసు శాఖను రెవిన్యూ నుంచి వేరుచేశారు.

తరువాత ప్రభుత్వమే శెట్టిగారికి బిరుదమిచ్చి, శాసనమండలిలో స్థానం కల్పించింది. అప్పటికి ఆయన ఆస్తి ప్రజాకార్యాలకు హరించిపోయింది. 1868లో పేదరికంలోనే కన్నుమూశారు.