కాకినాడకు దేహం రాసిచ్చిన గురువు.. హాల్డేన్ కథ ఇదీ

అరకు, పాడేరు వైపు మన్యం గ్రామాల్లో సికిల్ సెల్ రక్త పరీక్షల వార్తలు తరచూ చూస్తూనే ఉంటాం. ఇలాంటి రక్త జబ్బులు మలేరియా ఉన్న చోటే ఎందుకు ఎక్కువ? ఈ ప్రశ్నకు దారి చూపింది బ్రిటన్‌లో పుట్టిన జేబీఎస్ హాల్డేన్. ఆయన తుదిశ్వాస విడిచింది తూర్పు కనుమలకు ఆ చివరన ఉన్న భువనేశ్వర్‌లో. దేహం మాత్రం మన కాకినాడకు వచ్చింది.

హాల్డేన్ 1892 నవంబర్ 5న ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. చదివింది లెక్కలు, గ్రీకు, లాటిన్. సైన్స్‌లో డిగ్రీయే లేదు. అయినా జన్యుశాస్త్రాన్ని లెక్కలతో ముడిపెట్టిన ముగ్గురు దిగ్గజాల్లో ఒకరయ్యారు. థలసీమియా జన్యువు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వస్తే మలేరియా నుంచి కాపాడుతుందేమో అని 1940ల చివర్లో చెప్పారు. సికిల్ సెల్ విషయంలో అది నిజమేనని 1954లో ఆంథొనీ అలిసన్ తూర్పు ఆఫ్రికాలో చూపించారు. ఇద్దరి నుంచీ వస్తే మాత్రం జబ్బే.

1957లో హాల్డేన్ లండన్ వదిలేశారు. సూయజ్‌పై బ్రిటన్ దాడికి నిరసనగా వస్తున్నానని ప్రకటించారు. భార్య హెలెన్ స్పర్వేతో కలిసి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. కుర్తా వేసుకున్నారు, మాంసం మానేశారు, తర్వాత భారత పౌరసత్వమూ తీసుకున్నారు.

అసలు కథ ఆయన శిష్యులది. ఖరీదైన యంత్రాలు లేవని కూర్చోవద్దు, కళ్లెదుట ఉన్నదాన్ని లెక్కపెట్టండి.. ఇదే ఆయన పద్ధతి. ఎస్‌కే రాయ్ పారిజాతం పూల రేకులు లెక్కపెట్టారు. ఆంథొనీ డేవిస్ కొబ్బరి తోటల్లో తిరిగి, ఆకులు ఎడమకు మెలిక తిరిగిన చెట్లెన్ని, కుడికి తిరిగినవెన్ని అని చూశారు. ఆ తేడా తల్లి చెట్టు నుంచి రాదని తేల్చారు. వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది కానీ, ఒకే చెట్టులో, ఒకే జాతిలో తేడాలు ఎందుకొస్తాయన్న పెద్ద ప్రశ్న అందులోనే ఉంది.

పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు కూడా ఆయన దగ్గరికే చేరారు. సీతాకోకచిలుకలు లాంటానా పూలలో ఏ రంగు మీద ఎక్కువ వాలుతున్నాయో గమనించారు. ఆ తర్వాత గురువు దృష్టి మన ఇళ్ల మీద పడింది. మేనరికం, మేనమామతో పెళ్లి.. యూరప్‌లో పెద్దగా కనిపించని ఈ సంబంధాలు ఆంధ్రలో మామూలు. డాక్టర్ మీరా ఖాన్‌తో కలిసి ద్రోణంరాజు ఈ పెళ్లిళ్లు ఎంత మందిలో ఉన్నాయి, పిల్లలపై ప్రభావమేంటి అని లెక్కలు తీశారు. 1960ల మొదట్లోనే ఆ పత్రాలు వచ్చాయి.

అన్నీ నిలబడలేదు. మగవాళ్ల చెవుల మీద పెరిగే వెంట్రుకలు వై క్రోమోజోమ్ ద్వారా తండ్రి నుంచి కొడుక్కి వస్తాయని ద్రోణంరాజు రాశారు. ఆ మాట పాఠ్యపుస్తకాల్లోకీ ఎక్కింది. దశాబ్దాల తర్వాత దక్షిణ భారతంలో చేసిన డీఎన్ఏ పరీక్షలు దాన్ని బలపరచలేదు.

జర్నల్ ఆఫ్ జెనెటిక్స్‌కు ఎడిటర్ హాల్డేనే. ఆ పత్రికను తనతోపాటు ఇండియాకు తెచ్చారు. డేవిస్ కొబ్బరి చెట్ల పత్రం, ద్రోణంరాజు చెవి వెంట్రుకల పత్రం అందులోనే అచ్చయ్యాయి. రెండింటి మీదా శిష్యుల పేర్లే, గురువు పేరు లేదు. పెద్దాయన పేరు ముందుండాల్సిందే అనుకునే చోట్ల ఇది చిన్న విషయం కాదు.

ఆయనతో వేగడమూ తేలిక కాదు. కోపం ఎక్కువ, రాజీ తక్కువ. కలకత్తా సంస్థతో పొసగక 1961లో బయటికొచ్చేశారు. మరుసటి ఏడాది ఒడిశా ప్రభుత్వ సాయంతో భువనేశ్వర్‌లో జెనెటిక్స్, బయోమెట్రీ ల్యాబ్ పెట్టారు. శిష్యులు కొందరు వెంట వెళ్లారు. ఆ ల్యాబ్ నిలదొక్కుకోకముందే క్యాన్సర్ బయటపడింది. ఆసుపత్రి మంచం మీద ఆ జబ్బు మీదే సరదా కవిత రాశారు.

1964 డిసెంబర్ 1న కన్నుమూశారు. తర్వాత ద్రోణంరాజు విదేశాలకు వెళ్లి, చివరికి అమెరికాలోని హ్యూస్టన్‌లో స్థిరపడి, గురువు జీవితంపై పుస్తకాలు రాశారు. విల్లులో రాసినట్టే హాల్డేన్ దేహం కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి చేరింది. అప్పటికి ఆ కాలేజీ మొదలై ఆరేళ్లే.