గాయక సార్వభౌమ పారుపల్లి

కృష్ణాజిల్లాలోని శ్రీకాకుళం ఆంధ్రమహావిష్ణువు ఆలయంతో ప్రసిద్ధి కెక్కిన ప్రాచీన గ్రామం. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రచనకు సంకల్పించింది ఆ స్వామి సన్నిధిలోనే. సాహిత్య చరిత్రలో వెలుగొందిన ఆ గ్రామానికి సంగీత చరిత్రలోనూ స్థానం కల్పించిన మహనీయుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. ఆయన 1883వ సంవత్సరంలో అక్కడ జన్మించారు.

త్యాగరాజస్వామి కృతులు తెలుగులో వెలసినా, వాటి గానసంప్రదాయం కావేరీతీరంలో వర్ధిల్లింది. త్యాగరాజ శిష్యుడైన మానంబుచావడి వేంకటసుబ్బయ్య వద్ద విద్య నభ్యసించి, ఆ సంపదను కృష్ణాతీరానికి తెచ్చినవారు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి. ఆయన నివాసం అవనిగడ్డకు చేరువలోని పెదకళ్లేపల్లి. రామకృష్ణయ్య ఆ గురువును ఆశ్రయించి, త్యాగరాజ పరంపరలో నాలుగవ తరానికి చెందిన గాయకులయ్యారు.

కృతిని స్వరపరచి కాగితంపై వ్రాయవచ్చు. కాని స్వరానికి ప్రాణమైన గమకాన్ని అక్షరాలు పూర్తిగా పట్టియివ్వలేవు. అది గురుముఖతః విని, పలుమారులు పాడి సాధించవలసిన విద్య. ఒక తరం అశ్రద్ధ చేస్తే మరుతరానికి అందదు. ఈ సత్యం నెరిగిన పంతులుగారు కచేరీలతో కీర్తి గడించి, గాయక సార్వభౌములుగా ప్రఖ్యాతులైన పిదప కూడ బోధనను విడువలేదు. విజయవాడలో ఆయన సన్నిధి ఒక గురుకులమైంది.

పసితనంలోనే తల్లిని కోల్పోయిన మంగళంపల్లి మురళీకృష్ణను తండ్రి పట్టాభిరామయ్య ఆయనకు అప్పగించారు. బాలుని ప్రతిభను గుర్తించిన గురువు శ్రద్ధతో తీర్చిదిద్దారు. తమ గురువైన సుసర్లవారి స్మృత్యర్థం నిర్వహించిన ఉత్సవంలో, పదేళ్లయినా నిండని ఆ శిష్యునిచేత కచేరీ చేయించారు. ఆనాటి బాలుడే బాలమురళీకృష్ణగా జగద్విఖ్యాతు డయ్యాడు. వాయులీన విద్వాంసులు అన్నవరపు రామస్వామి కూడ పంతులుగారి శిష్యులే. ఒకే గురువు నీడన గాత్రమూ వాద్యమూ సమానంగా వికసించాయి.

పంతులుగారు 1951లో పరమపదించారు. అప్పటికి బాలమురళీకృష్ణ వయస్సు ఇరువదియొక్క సంవత్సరాలు. తరువాతి కాలంలో ఆయన విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు తొలి ప్రధానాచార్యులయ్యారు; 1991లో పద్మవిభూషణ్ పురస్కారాన్ని పొందారు. 2021లో రామస్వామిని పద్మశ్రీ వరించింది.

గాయకుని గానం సభ ముగియగానే గాలిలో కలిసిపోతుంది. శిష్యుల కంఠంలో నిలిచిన విద్య మాత్రం కాలాన్ని జయిస్తుంది. గురువు నుండి పొందినదానిని తనతోనే ముగిసిపోనీయక, ముందుతరాలకు భద్రంగా అందించడమే పారుపల్లివారి జీవిత సాఫల్యం.