‘ఉప’ పదవులకు వన్నె తెచ్చిన కట్టమంచి

చిత్తూరు పట్టణాన్ని ఆనుకుని ఉన్న కట్టమంచి పేరు తెలుగునాడంతా తెలియడానికి ఒక మనిషి కారణం. ఆయన డాక్టర్ కట్టమంచి రామలింగారెడ్డి. సి.ఆర్. రెడ్డి అంటే చదువుకున్నవారు ఇట్టే గుర్తుపడతారు. కవి అని కొందరు, విమర్శకుడని కొందరు, గొప్ప వక్త అని మరికొందరు ఆయనను తలుచుకుంటారు. అయితే ఆయన జీవితంలో అంతగా ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటుంది. ఆయన చేపట్టిన పెద్ద పదవుల్లో చాలావాటికి ముందు ‘ఉప’ అనే మాట ఉంది. ఆ మాటను ఆయన చిన్నతనంగా తీసుకోలేదు.

రామలింగారెడ్డి 1880 డిసెంబరు 10న సుబ్రహ్మణ్యరెడ్డి, నారాయణమ్మ దంపతులకు జన్మించారు. చిత్తూరులో చదువు ముగించుకుని మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు. అక్కడ విద్యార్థిగా ఉన్నప్పుడే ‘ముసలమ్మ మరణము’ అనే కావ్యం రాశారు. అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతుంటే, ఊరిని కాపాడడానికి ప్రాణమిచ్చిన కోడలి కథ అది. రాజుల కథలు, దేవతల కథలు విడిచి ఒక పల్లెటూరి ఇల్లాలిని కావ్యానికి నాయికను చేయడం ఆ రోజుల్లో కొత్త సంగతి.

1902లో ప్రభుత్వ విద్యార్థి వేతనంతో ఆయన ఇంగ్లండు వెళ్ళారు. కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చరిత్ర చదివారు. కేంబ్రిడ్జి యూనియన్ అంటే వాద ప్రతివాదాలకు పేరుపడిన విద్యార్థుల సభ. దొరల పిల్లలు నిండి ఉన్న ఆ సభకు చిత్తూరు బిడ్డ ఉపాధ్యక్షుడు కాగలిగారు. ‘ఉప’ అనే మాట ఆయన పేరు పక్కన చేరడం అక్కడ మొదలైంది.

తిరిగి వచ్చాక బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఆయనను తమ కళాశాలకు వైస్ ప్రిన్సిపాల్‌గా పిలిపించుకున్నారు. అంతకు ముందు ఆ పదవిలో ఉన్నవారు అరవిందులు. అరవిందులు బరోడా విడిచి వంగదేశ రాజకీయాల్లోకి వెళ్ళగా, ఆయన కూర్చున్న స్థానంలో కూర్చోవలసిన బాధ్యత రెడ్డిగారిపై పడింది. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు.

రెండో స్థానంలో ఉన్నవారి కష్టం బయటివారికి తెలియదు. మంచి జరిగితే పేరు పెద్దాయనకు పోతుంది. చెడు జరిగితే మాట చిన్నాయన మీదికి వస్తుంది. పిల్లలు, అయ్యవార్లు తమ బాధలు మొదట చెప్పుకునేది రెండో మనిషికే. ఆ బాధలు పైకి చేరవేయాలి, పై మాట కిందికి నచ్చజెప్పాలి. చెరువుకు ఊరి పెద్ద ఎవరైనా కావచ్చు. ఏ మడికి ఎంత నీరు పారిందో, తూము దగ్గర గండి ఎక్కడ పడబోతోందో తెలిసినవాడు మాత్రం నీరుగంటే. పెద్ద నీరుగంటి మాట వినకపోయినా, నీరుగంటి పెద్దకు చెప్పకుండా దాచినా చివరికి ఎండేది పైరే.

బరోడా తర్వాత రెడ్డిగారు మైసూరు మహారాజా కళాశాలకు వచ్చారు. అక్కడ ఆచార్యులుగా, ఆ పైన ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. మైసూరులో సొంత విశ్వవిద్యాలయం పెట్టాలని ఆ సంస్థానం తలపెట్టినప్పుడు, విదేశాల్లో పై చదువులు ఎలా సాగుతున్నాయో తెలుసుకునే పనిని ఇద్దరికి అప్పగించింది. వారిలో ఒకరు రెడ్డిగారు, మరొకరు థామస్ డెన్హాం అనే ఆంగ్లేయుడు. పాలించే జాతివాడు ఒకరు, పాలితుడు ఒకరు. అయినా ఒకే పనికి ఇద్దరూ భుజం పట్టారు. వారి పరిశీలన ఆధారంగా 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడింది. తర్వాత రెడ్డిగారు ఆ సంస్థానపు విద్యాశాఖకే ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యారు. అంటరానివారని దూరం పెట్టిన పిల్లలకు ప్రభుత్వ బడుల తలుపులు తెరవాలని పట్టుపట్టారు.

1921లో ఉద్యోగం వదులుకుని ఆయన రాజకీయాల్లోకి దిగారు. జస్టిస్ పార్టీలో చేరి మద్రాసు శాసనసభకు వెళ్ళారు. సొంత పార్టీ మంత్రివర్గం నడిచే తీరు నచ్చక బయటికి వచ్చి, 1923లో పానగల్లు రాజా మంత్రివర్గంపై అవిశ్వాస తీర్మానం పెట్టారు. అనుకూలంగా 44 ఓట్లు, వ్యతిరేకంగా 65 ఓట్లు వచ్చి తీర్మానం వీగిపోయింది. ఆయన ఓడిపోయారు. కానీ పెద్దలతో పేచీ వచ్చినప్పుడు చాటున గొణగలేదు. నలుగురి ముందు నిలబడి, కారణాలు చెప్పి తలపడ్డారు.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది. బెజవాడలో మొదలై 1930లో వాల్తేరు చేరింది. దానికి మొదటి ఉపకులపతి రామలింగారెడ్డి. మళ్ళీ ‘ఉప’ పదవే. కులపతి మద్రాసు గవర్నరు. భవనాలు లేవు, డబ్బు చాలదు, ఏ ఊళ్ళో ఉండాలన్న తగాదా తెగదు. అన్నింటినీ ఓర్చుకుని ఆయన పునాది వేశారు. అంతలో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. ప్రభుత్వం సాగించిన అణచివేతకు నిరసనగా 1930లో ఆయన రాజీనామా ఇచ్చారు. తనపై ఉన్న కులపతి ఆ ప్రభుత్వానికే అధిపతి. కుర్చీలో ఉంటూ లోలోపల పని చెడగొట్టడం ఆయనకు చేతకాదు. ఒప్పుకోలేనప్పుడు కుర్చీ దిగిపోయారు.

ఆ కుర్చీలోకి 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. ఆయన పుట్టినది తిరుత్తణి. 1960లో మద్రాసు రాష్ట్రంలో కలిసేదాకా ఆ ఊరు చిత్తూరు జిల్లాలోదే. రాధాకృష్ణన్ చిన్ననాట తిరుపతిలో చదువుకున్నారు. అలా తెలుగువారి తొలి విశ్వవిద్యాలయాలలో ఒకదాన్ని మొదట నడిపిన ఇద్దరూ ఈ ప్రాంతం వారే అయ్యారు.

రాధాకృష్ణన్ అయిదేళ్ళలో కొత్త శాఖలు తెరిచారు. దేశం నలుమూలల నుంచి చురుకైన యువకులను తెచ్చారు. భౌతికశాస్త్రానికి సూరి భగవంతం, రసాయనశాస్త్రానికి టి.ఆర్. శేషాద్రి ఆ రోజుల్లో వచ్చినవారే. 1936లో రాధాకృష్ణన్ ఆక్స్‌ఫర్డుకు వెళ్ళగా రెడ్డిగారు మళ్ళీ ఉపకులపతి అయ్యారు.

ఇక్కడే మనిషి గుణం బయటపడుతుంది. పాత పెద్ద తిరిగి వస్తే, మధ్యలో వచ్చినవారి మనుషులను మూలకు తోయడం లోకంలో చూస్తూనే ఉంటాం. వాల్తేరులో అలా జరగలేదు. భగవంతం 1948 వరకు, శేషాద్రి 1949 వరకు అక్కడే ఉండి పనిచేశారు. ఇద్దరూ తర్వాత దేశం గర్వించే శాస్త్రవేత్తలుగా నిలిచారు. ఇంకొకరు నాటిన మొక్కకు రెడ్డిగారు పదమూడేళ్ళు నీళ్ళు పోశారన్నమాట.

ఆ కాలం సుఖంగా ఏమీ గడవలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో వాల్తేరు భవనాలు సైన్యం చేతికి పోయాయి. 1942లో విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. యుద్ధం ముగిశాక 1946లో తిరిగి వచ్చింది. పుస్తకాలు, పరికరాలు, విద్యార్థులతో సంసారం మొత్తం మోసుకుని వెళ్ళి, మళ్ళీ మోసుకుని రావడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. కింద ఉన్నవారికి బాధ్యత, అధికారం రెండూ ఉంటేనే అది సాగుతుంది.

1949లో ఆయన దిగిపోయాక ఉపకులపతి అయినవారు వి.ఎస్. కృష్ణ. బయటి నుంచి తెచ్చిన మనిషి కాదు, అదే విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం బోధించినవారు. 1961 దాకా ఆయనే నడిపారు. తన తర్వాత ఎవరన్న ప్రశ్నకు ఇంట్లోనే జవాబు దొరికేలా సంస్థ ఎదిగి ఉంది.

రామలింగారెడ్డి పెళ్ళి చేసుకోలేదు. 1951 ఫిబ్రవరి 24న కన్నుమూశారు. ఏలూరులో ఆయన పేరిట కళాశాల నడుస్తోంది. తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలిసింది 1954లో. సొంత గడ్డపై విశ్వవిద్యాలయాన్ని చూసే భాగ్యం ఆయనకు మూడేళ్ళలో తప్పిపోయింది.

కళాశాల అయినా, పల్లెలోని ఉన్నత పాఠశాల అయినా లెక్క ఒక్కటే. హెడ్మాస్టరు మండలం మీటింగుకు పోయిన రోజున రెండో అయ్యవారు సంతకం పెట్టగలగాలి, టైంటేబులు సర్దగలగాలి, మధ్యాహ్న భోజనం బియ్యం లెక్క చూడగలగాలి. ఆ అధికారం తనకు ఉందని తోటి అయ్యవార్లందరికీ ముందే తెలిసి ఉండాలి. తేడాలు వస్తే గది తలుపు మూసి ఇద్దరే తేల్చుకోవాలి. తల్లిదండ్రుల ముందు ఇద్దరిదీ ఒకే మాట కావాలి. ఇద్దరికీ పడని బడిలో అయ్యవార్లు రెండు జట్లవుతారు. పదో తరగతి పాఠాలు వెనకబడతాయి. అయ్యవార్లకు బదిలీ అయితే సరిపోతుంది. పరీక్ష తప్పిన పిల్లవాడికి ఆ ఏడాది తిరిగి రాదు.