ఏనుగుల దళపతి, నాట్యశాస్త్రకర్త: చేబ్రోలు ఏలిన జాయప సేనాని

గుంటూరు నుంచి పొన్నూరు మీదుగా బాపట్ల పోయే బస్సు నారాకోడూరు దాటగానే చేబ్రోలు వస్తుంది. గుళ్ళకు పేరుపడ్డ ఊరు. పాత రోజుల్లో దీని పేరు తామ్రపురి. ఎనిమిది వందల ఏళ్ళ కిందట కాకతీయుల సైన్యంలో గజబలానికి అధిపతిగా ఉన్న జాయప సేనాని ఈ ఊళ్ళో కొలువుండి వెలనాటి సీమను పాలించాడు. ఈనాటి తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలు ఆ వెలనాడులోనివే.

జాయప పుట్టిన వంశం మాత్రం కృష్ణకు ఆవలి ఒడ్డుది. పెనుమూడి దగ్గర నిలబడి తూర్పుకు చూస్తే ఏటి అవతల కనిపించే దివిసీమే వారి సొంతగడ్డ. వారిని అయ్య వంశీకులు అనేవారు. తాత ముత్తాతల నాటినుంచి వెలనాటి చోళులకు సామంతులు. ఆ చోళుల రాజధాని రేపల్లె, బాపట్లల మధ్యనున్న చందవోలు. బండ్లమ్మ తల్లి గుడికి వెళ్ళేవారు అది ఒకనాటి రాజధాని అని తెలుసుకునే గుర్తులు అక్కడ కొద్దిగానే మిగిలాయి. వెలనాటి రాజులు చెప్పినట్లు దివిని కాపాడటం, అవసరమైతే పడవలమీదా కాలినడకనా వారి వెంట యుద్ధాలకు పోవడం అయ్య వంశం వారి పని.

1199లో ఓరుగల్లు గద్దె ఎక్కిన గణపతిదేవుడి చూపు సముద్రతీరం మీద పడింది. తీరం లేని రాజ్యానికి వర్తకం లేదు, గుర్రాలు రావు, సుంకాలు రావు. 1201 నాటికే అతని సేనలు బెజవాడ చేరాయి. ఆ తరువాత కొన్నేళ్ళలో వెలనాటి పృథ్వీశ్వరుడు ఓడి హతుడయ్యాడు. దివిసీమకు అప్పుడు అధిపతి జాయప తండ్రి పిన్నచోడి. చుట్టూ నీళ్ళున్నా లంక నిలవలేదు. కాకతీయ సేన దివిని కొల్లగొట్టిందని శాసనాలే చెబుతున్నాయి.

ఓడినవాడిని చంపడమో, తరిమివేయడమో ఆనాటి వాడుక. గణపతిదేవుడు ఆ రెండూ చేయలేదు. పిన్నచోడి కూతుళ్ళు నారాంబ, పేరాంబలను పెళ్ళాడాడు. కొడుకు జాయపను వెంటబెట్టుకుని తన కొలువులో చేర్చుకున్నాడు. అక్కచెల్లెళ్ళ ఇష్టాయిష్టాలు ఎవరూ రాయలేదు, ఆ రోజుల్లో అడిగేవారూ లేరు. తన ఇల్లు కొల్లగొట్టిన రాజు ఇంటికే బావమరిదిగా వెళ్ళిన ఆ కుర్రవాడికి అప్పటికి నూనూగు మీసాల వయసు. ఇలాంటివాడు పెద్దయ్యాక తిరగబడవచ్చు, లేదా జీవితాంతం నమ్మకంగా ఉండవచ్చు. రాజు రెండోదానికే పందెం కాశాడు.

పందెం నెగ్గింది. జాయపకు రాజు ఇచ్చిన పదవి గజసాహిణి, అంటే ఏనుగుల దళానికి అధిపతి. మాటకు చిన్నదిగా ఉన్నా ఇది పెద్ద బరువు. కోట తలుపులు పగలగొట్టడానికీ, ఎదుటి గుర్రపుదండును చెదరగొట్టడానికీ, ఏరు దాటేచోట ముందు దిగడానికీ ఏనుగే కావాలి. బెదిరిన ఏనుగు వెనక్కి తిరిగితే సొంత సైన్యాన్నే తొక్కివేస్తుంది. దానికి రోజుకు బండెడు మేత, చెరువంత నీరు కావాలి. మావటీడు, మేత కోసేవాడు, వైద్యుడు అంటూ ఒక్కో జంతువు వెనుక కొందరు మనుషులు ఉండాలి. ఇన్నింటినీ నడిపేవాడికి ధైర్యం ఒక్కటే చాలదు, ఓపికా లెక్కా కూడా ఉండాలి. ఒక ఎద్దును మచ్చిక చేసుకోవడం ఎంత పనో రైతుకు తెలుసు. యుద్ధపుటేనుగుల సంగతి దానినిబట్టి ఊహించుకోవచ్చు.

శాసనాల్లో జాయపకు వైరిగోధూమఘరట్ట అనే బిరుదు కనిపిస్తుంది. శత్రువులనే గోధుమలను పిండి చేసే తిరగలి అని అర్థం. బిరుదుల్లో సింహాలూ పులులూ నిండిన కాలంలో ఇంట్లో వాడే తిరగలిని బిరుదుగా పెట్టుకోవడం వింతే.

1213లో జాయప చేబ్రోలులో తండ్రి పేరుమీద చోడీశ్వరాలయం కట్టించి శాసనం వేయించాడు. అందులో రాజు వంశాన్నీ తన వంశాన్నీ రెండింటినీ వరుసగా చెప్పించాడు. రాజుతో పోరాడి ఓడిన తండ్రికి, ఆ రాజు సేనానిగా ఉంటూనే గుడి కట్టడం చిన్న విషయం కాదు. అటువంటి పనికి అడ్డు చెప్పని రాజు మంచితనం కూడా ఇందులో ఉంది. తరువాత 18 ఏళ్ళకు, 1231లో, ఈసారి రాజు పేరుమీద సొంతగడ్డ దివిలో గుడి కట్టించాడు. నాగాయలంక దగ్గరి గణపేశ్వరం అదే. తండ్రి పేరు కాకతీయుల నేలమీద, కాకతీయుడి పేరు తండ్రి ఏలిన లంకలో నిలిచాయి.

వెలనాడు నెమ్మదిగా ఉండటం వల్ల కాకతీయులకు ఏమి కలిసివచ్చిందో చీరాలకు దక్షిణాన ఉన్న మోటుపల్లిలో కనబడుతుంది. 1244లో గణపతిదేవుడు అక్కడ అభయశాసనం వేయించాడు. అంతకుముందు రాజులు గాలివానకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాక్కునేవారు. ఇకమీద అలా చేయననీ, ముప్పయ్యో వంతు సుంకం మాత్రమే తీసుకుంటాననీ రాజు మాట ఇచ్చాడు. గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, పట్టు, మిరియాలు ఆ రేవులో దిగేవి, ఎక్కేవి. తీరం వెనుకనున్న పల్లెలు భద్రంగా లేకపోతే అంతంత సరుకు బండ్లమీద ఓరుగల్లు చేరేది కాదు.

ఇంతవరకే అయితే జాయప పేరు శాసనాలు చదివేవారికి తప్ప ఎవరికీ పట్టేది కాదు. ఈ ఏనుగుల దళపతికి చిన్ననాడే నాట్యం మీద మనసు పోయింది. గుండామాత్యుడనే గురువు దగ్గర ఆ విద్య నేర్చాడు. కొలువులో 40 ఏళ్ళకు పైగా గడిచాక, 1253-54లో, సంస్కృతంలో నృత్తరత్నావళి అనే గ్రంథం పూర్తిచేశాడు. పొరుగున దేవగిరిలో సంగీతరత్నాకరం రాసిన శార్ఙ్గదేవుడు కూడా ఆ కాలంవాడే, అతడూ రాజోద్యోగే.

నృత్తరత్నావళిలో ఎనిమిది అధ్యాయాలు. మొదటి నాలుగూ భరతుడి నాటినుంచి వచ్చిన మార్గనృత్యం గురించి. తరువాతి నాలుగూ దేశి, అంటే ఊళ్ళల్లో జనం ఆడే ఆటల గురించి. అసలు విలువ ఈ రెండో సగంలోనే ఉంది. శాస్త్రం ఎవరైనా పాత పుస్తకం చూసి మళ్ళీ రాయవచ్చు. కర్రలు పట్టుకుని ఆడే దండరాసకం, చిందు, బంతితో ఆడే కందుకం, గోండలి, చర్చరి, పేరణి వంటివాటిని రాయాలంటే ఊళ్ళకు పోయి చూడాలి. దండు వెంట సీమలన్నీ తిరిగిన సేనానికి ఆ వీలు దొరికింది. పండితులు పట్టించుకోని పల్లెజనం అడుగులను శాస్త్రంలోకి ఎక్కించాడు. ఈనాడు తెనాలి, రేపల్లె పల్లెల్లో కోలాటం ఆడేవారి పెద్దల ఆటకు పోలిక ఆ పుస్తకంలో ఉందంటే ఆశ్చర్యపడనక్కరలేదు.

1323లో ఓరుగల్లు పడిపోయింది. నృత్తరత్నావళి రాతప్రతిగానే తంజావూరు సరస్వతీ మహలులో ఉండిపోయింది. 1965లో డాక్టర్ వి. రాఘవన్ పరిష్కరించగా మద్రాసులో అచ్చయింది. 1969లో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ దానిని తెలుగులోకి తెచ్చారు. ఒక తెలుగు సేనాని రాసిన పుస్తకం తెలుగువారికి తెలుగులో అందడానికి 700 ఏళ్ళు దాటింది.

ఆ పుస్తకాన్నీ, ములుగు దగ్గర పాలంపేటలోని రామప్ప గుడి శిల్పాలనూ పక్కపక్కన పెట్టి నటరాజ రామకృష్ణ పేరిణిని మళ్ళీ నిలబెట్టారు. కాళ్ళకు గజ్జెలు కట్టి మగవారు ఆడే వీరనృత్యం అది. రామప్ప గుడిని కట్టించినది కూడా గణపతిదేవుడి సేనానే, రేచర్ల రుద్రుడు. ఆ గుడి శాసనం సంవత్సరమూ, చేబ్రోలులో జాయప తండ్రికి గుడి కట్టించిన సంవత్సరమూ ఒకటే, 1213. 1985 శివరాత్రినాడు రామప్ప గుడి ముంగిట పేరిణి శివతాండవం ఆడినప్పుడు చుట్టుపట్ల ఊళ్ళ జనం తండోపతండాలుగా వచ్చి చూశారు.