పిల్లలకు వేదిక ఇచ్చిన బిషప్పు

క్రిస్మస్ దగ్గర పడుతుంటే మన సంఘాల్లో ఒక చర్చ తప్పదు. పిల్లలచేత నాటిక వేయించాలా, వద్దా? ముఖానికి రంగు పూసుకోవడం లోకపు పోకడ అనే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. దాదాపు 370 ఏళ్ల క్రితమే ఈ అభ్యంతరాన్ని ఎదుర్కొన్న దైవజనుడు యాన్ ఆమోస్ కొమేనియస్.

ఆయన 1592లో, నేటి చెక్ దేశంలో భాగమైన మొరావియాలో జన్మించారు. చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకున్నారు. లాటిన్ బడిలో చేరేసరికి 16 ఏళ్లు. బెత్తం దెబ్బలు, అర్థం తెలియని కంఠస్థం చూసి, చదువు ఇలా ఉండకూడదనుకున్నారు. తర్వాత బొహీమియా సహోదరుల సంఘంలో కాపరి అయ్యారు. ముప్పై ఏళ్ల యుద్ధ కాలమది. 1622లో తెగులు ఆయన భార్యను, ఇద్దరు బిడ్డలను తీసుకుపోయింది. 1628లో విశ్వాసం నిమిత్తం స్వదేశం విడిచి, పోలండులోని లెష్నో పట్టణం చేరారు.

ఆ రోజుల్లో లాటిన్ నేర్పడానికి టెరెన్స్, ప్లాటస్ అనే రోమా కవుల హాస్యనాటకాలు చదివించేవారు. ఆ వెకిలి మాటలు పిల్లల నోట పలికించడం ఆయనకు గిట్టలేదు. అలాగని నాటకాన్నే బడి నుండి వెళ్లగొట్టలేదు. తానే కలం పట్టి 1640 ప్రాంతంలో తత్వవేత్త డయోజినిస్ మీద ఒకటి, అబ్రాహాము మీద ఒకటి రాసి విద్యార్థులచేత ఆడించారు. అన్యుడైన డయోజినిస్ కథను కూడా తీసుకోవడం గమనించదగ్గది. మన పిల్లలకు బైబిలు పాత్రలు తప్ప వేరేవి ఇవ్వకూడదనే నియమం ఆయన పెట్టుకోలేదు.

1648లో బిషప్పు అయ్యారు. 1650లో పిలుపు మీద హంగేరీలోని షారోష్‌పటాక్ బడికి వెళ్లారు. అక్కడి పిల్లలకు పాఠమంటే నిద్ర. ఆయన తన లాటిన్ పాఠ్యపుస్తకాన్నే ఎనిమిది నాటకాలుగా మార్చారు. ప్రకృతి, మనిషి దేహం, చేతిపనులు, బడి, కుటుంబం, రాజ్యం అన్నీ వేదిక మీదికి వచ్చాయి. బడిలో హాస్యనాటకాలేమిటని కొందరు అడ్డు చెప్పినా ఆయన వెనక్కి తగ్గలేదు.

పాత్రలు ఎక్కువగా రాయడం నాకు బాగా నచ్చిన సంగతి. వీలైనంతమంది పిల్లలకు నోరు విప్పే అవకాశం దొరికేది. నలుగురి ముందు బెరుకు లేకుండా నిలబడడం, తడబడకుండా మాట్లాడడం అలవాటయ్యేది. బిడ్డ ఏమి నేర్చుకున్నాడో తల్లిదండ్రులు కళ్లారా చూసేవారు. పేదింటి పిల్లవాడి తెలివి కూడా అందరికీ తెలిసేది. మరియ పాత్ర ఏటా ఒకే ఇంటి అమ్మాయికి దక్కే సంఘాలు ఈ మాట కాస్త ఆలోచించాలి.

1654లో ఆయన లెష్నోకు తిరిగి వచ్చారు. రెండేళ్లకే యుద్ధంలో ఆ పట్టణం తగలబడింది. ఇల్లు, ఏళ్ల తరబడి రాసుకున్న కాగితాలు బూడిదయ్యాయి. మిగిలిన జీవితం ఆమ్‌స్టర్‌డాంలో గడిపి, 1670లో అక్కడే ప్రభువునందు నిద్రించారు. 1657లో ఆ నగరంలోనే ఆయన విద్యా రచనలన్నీ ఒకచోట అచ్చయ్యాయి. బడిపిల్లల కోసం రాసిన ఆ ఎనిమిది నాటకాలు కూడా వాటిలో ఉన్నాయి.